ఎర్ర చుక్క పెట్టిన మోటారు

అగ్గిపెట్టెలో పట్టేంత మోటారు అది. ఇన్నేళ్లుగా నా గుండె మీద బండలా కూర్చుని ఉంది. నవ్వొస్తే నవ్వుకో. చదవడం మాత్రం ఆపొద్దు. నేను అక్షరాలు దిద్దుకున్నదే తల నెరిశాక. ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తున్నాను. పేరు చెప్పను. నంద్యాలలో నన్ను గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల జాలి నాకొద్దు.

నన్ను క్షమించమని నిన్ను అడగడం లేదు. క్షమించడానికి నువ్వెవరు? అడగాల్సినవాడు పోయాడు. బతికున్నప్పుడు అడగలేదు. వాడి పేరు దానం. వాడంటే నాకు పడేది కాదు. ఇప్పటికీ పడదు. పోయినవాళ్లందరినీ బంగారు మనుషులనే అలవాటు నాకు లేదు. వాడికి నోటి దురుసు ఎక్కువ, నాకు కడుపుమంట ఎక్కువ. వాడి దురుసు వల్ల ఎవరూ చెడిపోలేదు. నా మంట వల్ల వాడు చెడ్డాడు.

ఎనభైలు మొదలైన కాలం. నంద్యాలలో నాకు చిన్న కొట్టు ఉండేది. ఫ్యాన్లు, టేపురికార్డర్లు బాగుచేసేవాణ్ణి. కువైట్ పోయి వచ్చినవాళ్లు పిల్లలకు బ్యాటరీ బొమ్మలు తెచ్చేవారు. అవి చెడిపోతే నా కొట్లో పారేసి పోయేవారు. వాటి కడుపులో చిట్టి మోటార్లు ఉంటాయి. మోటారుకు అంటుకుని ఒక మూసిన డబ్బీ, అందులో పళ్ల చక్రాలు. వేగం తగ్గించి బలం పెంచేవి ఆ చక్రాలే. కొన్నిట్లో ఇత్తడివి, కొన్నిట్లో ప్లాస్టిక్‌వి. బయటికి రెండూ ఒకటే. డబ్బీ ఒకసారి విప్పితే మళ్లీ సరిగా కూర్చోదు. మరి మంచిదేదో ఎలా తెలుస్తుంది?

తిరుగుతోంది కదా అని నమ్మితే చెడతావు. చల్లగా ఉన్నప్పుడు ప్రతి మోటారూ తిరుగుతుంది. ఇరుసుకు దారం కట్టి, దారానికి ఇనప నట్లు వేలాడదీసి, ఎత్తిస్తూ దించుతూ, వేలు పెడితే చురుక్కుమనేదాకా నడపాలి. అప్పుడు ఇత్తడిది అదే మోతతో మోస్తుంది. ప్లాస్టిక్‌ది మెత్తబడి, కిచకిచమని పళ్లు జార్చి, బరువును వదిలేస్తుంది. నిలబడినదానికి నేను ఎర్ర రంగు చుక్క పెట్టేవాణ్ణి. సంతకం రాని నాకు అదే సంతకం. చుక్క ఉన్నదాన్ని మా పనివాళ్లెవరూ మళ్లీ పరీక్షించరు. పరీక్షిస్తే నన్ను దొంగ అన్నట్టే లెక్క. అది మా మధ్య మర్యాద. ఆ మర్యాదనే నేను వాడుకున్నాను.

దానంది ఆళ్ళగడ్డ. నాకంటే చిన్నవాడు. కొలిమిగుండ్ల దగ్గర నాపరాళ్ల గనిలో వాళ్ల నాయనతో కలిసి రాళ్లు కొట్టేవాడు. దుమ్ముకు తాళలేక నా కొట్టుకు వచ్చాడు. పని నేర్పింది నేనే. నేర్చుకుని ఆళ్ళగడ్డలో సొంతంగా చిన్న బంకు పెట్టుకున్నాడు. అంతవరకు నాకేం బాధ లేదు. తర్వాత వాడు రేకుతో ఒక మనిషిని చేశాడు. మోకాలెత్తు ఉంటుంది. పళ్లెంలో నిమ్మకాయను పట్టుకుని, చెయ్యి పైకెత్తి, పక్కకు తిరిగి బుట్టలో వేసేది. చెయ్యి పైన ఒక రాగిరేకుకు తగలగానే మోటారు ఎదురు తిరిగి చెయ్యి దిగేది. ఆ ఉపాయం నేను నేర్పింది కాదు. అక్కడ మొదలైంది నాకు.

ఒకరోజు నా కొట్లోనే, నా గిరాకీల ముందే అన్నాడు. "మా యన్న చెడిపోయిందాన్ని బాగుజేసేదాంట్లో మొనగాడు. కొత్తది పుట్టిచ్చమంటే మాత్రం తెల్లమొగమేస్తాడు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అబద్ధమైతే మరిచిపోయేవాణ్ణేమో. నిజం కాబట్టి దిగబడింది.

ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్ ఒకటి ఆ ఏడాది మా వైపు వచ్చింది. దాని యజమాని రేకుమనిషి సంగతి విని, ఆళ్ళగడ్డ వచ్చి చూస్తానన్నాడు. నచ్చితే దానాన్ని బొమ్మలు చేసే పనికి పెట్టుకుని వెంట తీసుకుపోతాడు. నచ్చకపోతే దానానికి మళ్లీ గనే. బంకు అప్పటికే సాగడం లేదు. ఇదంతా వాడే నాకు చెప్పాడు, మోటారు కోసం వచ్చినప్పుడు. పాతది అరిగిపోయిందట. ఎర్ర చుక్కది ఒకటి కావాలట. నన్నూ వచ్చి చూడమన్నాడు.

బల్ల మీద రెండు మోటార్లున్నాయి. ఒకటి నిలబడింది, చుక్క ఇంకా పెట్టలేదు. రెండోది పొద్దున నా కళ్లముందే పళ్లు జార్చింది. పారేద్దామని పక్కన పెట్టాను. దానం బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను రెండోదాన్ని తీసుకుని చుక్క పెట్టాను. రంగు ఆరేదాకా నోటితో ఊదాను. చెయ్యి జారిందని, పొరపాటున మారిపోయిందని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. పొరపాటు చేసేవాడు ఊదుతాడా?

వాడు దాన్ని కళ్లకద్దుకుని తీసుకుపోయాడు.

యజమాని వచ్చే రోజు నేను ఆళ్ళగడ్డ బస్సెక్కాను. చూడ్డానికే పోయాను, దాచను. చర్చి ముందర బల్ల వేసి రేకుమనిషిని నిలబెట్టారు. జనం బాగానే చేరారు. దానం భార్య ఇస్త్రీ చీర కట్టుకుని ముందు నిలబడింది. రేకుమనిషి నిమ్మకాయ ఎత్తింది, బుట్టలో వేసింది. మళ్లీ ఎత్తింది, వేసింది. యజమాని తల ఆడిస్తున్నాడు. నా కడుపులో మంట. ఒకవేళ నిలబడితే? ఇంకోసారి, ఇంకోసారి అని ఆయన అడుగుతూ పోయాడు. మోటారు వేడెక్కుతోందని నాకు తెలుసు. అక్కడ ఆ సంగతి తెలిసింది నా ఒక్కడికే.

కిచకిచమంది. సగం ఎత్తిన చెయ్యి ఊడినట్టు పడిపోయింది. నిమ్మకాయ దొర్లుకుంటూ పోయి యజమాని చెప్పుల దగ్గర ఆగింది. వెనకనుంచి ఎవరో అన్నారు. "దానప్పా, నీ బొమ్మకు కల్లు తాపినావా ఏంది?" జనం విరగబడి నవ్వారు. యజమాని నిమ్మకాయను వంగి తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను సంతోషించాను. అవును. బస్సులో నంద్యాల చేరేదాకా సంతోషంగానే ఉన్నాను.

అక్కడితో అయిపోయి ఉంటే ఇది నీకు రాసేవాణ్ణి కాదేమో. కడుపుమంటతో చేసే పనులు లోకంలో చాలా ఉంటాయి. నన్ను తినేది ఆ తర్వాతది.

కొన్నాళ్లకు దానం కొట్టుకు వచ్చాడు. గొడవకు వచ్చాడనుకున్నాను. చేతిలోకి స్క్రూడ్రైవర్ కూడా తీసుకున్నాను. వాడు మోటారును బల్ల మీద పెట్టాడు.

"ఇంద అన్నా. నాకింగ దీంతో పనిల్యా. నీకైనా పనికొస్తాది."

"ఏం, దీనికేమొచ్చింది?" అన్నాను. ఆ మాట అడగడానికి నోరెలా వచ్చింది నాకు?

"దానికేమొస్తాది, చుక్కుండాది గదా. నేనే చెయ్యి బరువుగా చేసినా. నా లెక్క తప్పింది."

ఇక్కడ నేను చెప్పాల్సింది. నిజం చెప్పడానికి వాడే తలుపు తెరిచినట్టయింది, నేను అడుగు పెడితే చాలు. మంచి మోటారు ఇచ్చి, పోయి ఆ యజమానికి మళ్లీ చూపించమని చెప్పి ఉంటే? ఎగ్జిబిషన్ ఇంకా బనగానపల్లెలోనే ఉంది. ఆ సంగతి కూడా నాకు తెలుసు. నేనేమన్నానో విను.

"పుట్టిచ్చేది అంత సులబమనుకున్నావా అప్పా? చెడిపోయింది బాగుజేసుకుంటా ఉండేటోళ్లం మేమే మేలు."

వాడి మాటే వాడికి తిప్పికొట్టాను. వాడికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"నువ్వనేది నిజమే అన్నా. నాకు తెల్యాకపాయ."

వెళ్లిపోయాడు. రేకుమనిషిని వాడే సుత్తితో కొట్టి పాత ఇనుముకు వేశాడని తర్వాత విన్నాను. ఆ వారమే మళ్లీ కొలిమిగుండ్ల గనిలో చేరాడు.

వాడు పోయాక నేను చేసింది కూడా రాయాలి. వాడి రేకు చెయ్యి కొలతలు నాకు తెలుసు. అంత బరువుకు సరిపడా నట్లు దారానికి కట్టి, బల్ల మీద మిగిలిన మంచి మోటారుకు వేలాడదీశాను. వేలు కాలేదాకా నడిపాను. ఒక్కసారి కూడా జారలేదు. ఎందుకు చేశాను ఆ పని? వాడి లెక్క నిజంగానే తప్పైతే నా పాపం సగమవుతుందని ఆశ. తప్పు కాలేదు. అంతకు అంత సరిగ్గా ఉంది. నట్లు విప్పి డబ్బాలో వేసి, ఎవరిదో ఫ్యాను ముందేసుకున్నాను.

దానం మరి బొమ్మ ముట్టలేదు. కొన్నేళ్లకు దగ్గు పట్టుకుంది, గనిలో చాలామందికి పట్టుకునేదే. వాణ్ణి నేను చంపానని అనను. దుమ్ము చంపింది. ఆ దుమ్ములోంచి ఒకసారి బయటికొచ్చినవాణ్ణి మళ్లీ అందులోకి నెట్టినవాడికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు. మట్టి చేసిన రోజు పోయాను. వాడి భార్య నన్ను చూసి ఏడ్చింది. మా అన్న మంచి మోటారే ఇచ్చినాడు, నేనే నిలబెట్టలేకపోయానని చివరిదాకా అనేవాడట. నేను తల వంచుకున్నాను. చూసినవాళ్లు దుఃఖం అనుకున్నారు.

ఆళ్ళగడ్డలో ఎవరి చేతిలోంచైనా గ్లాసు జారితే, ముసలివాళ్లు ఇప్పటికీ అంటారు. "దానం బొమ్మ చెయ్యిరా నీది." టీ బంకు దగ్గర నేనే రెండు మూడుసార్లు విన్నాను. విని నవ్వాను కూడా.

అందుకే రాస్తున్నాను. దానం లెక్క తప్పలేదు. చెయ్యి బరువు ఎంతుండాలో అంతే ఉంది. రాగిరేకు సరైన చోటే ఉంది. వాడు చేసినదాంట్లో తప్పు లేదు. మోటారు చెడ్డది. చెడ్డదని తెలిసే ఇచ్చాను. వాడు తనదే తప్పంటే అవునన్నాను.

ఈ నాలుగు మాటలు రాశాక ఛాతీ కాస్త వదులైంది. వాడిమీద ప్రేమేం పుట్టలేదు. అయినా ఆ ఊళ్లో ఎవరైనా మళ్లీ ఆ మాట అని నవ్వితే, అది నన్ను చూసి నవ్వాల్సిన నవ్వు.