ఎఫ్2 ఎవరు నొక్కారు

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ ఎనిమిదిని రెండుసార్లు చదివాను కాబట్టి తొమ్మిది అని చెప్పుకున్నా పెద్ద అబద్ధం కాదు. అయినా చెన్నై ఉత్తరపు వైపు వర్క్‌షాపుల్లో నన్ను ఇంజనీర్ సార్ అంటారు. భుజాన లాప్‌టాప్ సంచీ వేలాడుతుంటే సర్టిఫికెట్ ఎవరూ అడగరు.

2023 వేసవిలో తొండియార్‌పేటలోని ఒక టెస్టింగ్ వర్క్‌షాపు వాళ్లు పిలిచారు. హార్బరులో సరుకు పైకెత్తే ఇనుప చెయిన్లకు అక్కడ బరువు పరీక్ష చేస్తారు. చెయిన్‌ను బెంచికి బిగించి, పంపుతో లాగి, చెప్పిన బరువు దగ్గర కొన్ని నిమిషాలు పట్టి ఉంచాలి. తెగకుండా నిలబడితే సర్టిఫికెట్. బరువు చూపే మీటరు నుంచి ఒక వైరు కంప్యూటరు వెనకనుండే తొమ్మిది పిన్నుల పాత సాకెట్‌లోకి వెళుతుంది. దాన్నే సీరియల్ పోర్టు అంటారు. అందులోంచి అంకెలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. వాటిని పట్టి దాచి, గ్రాఫు గీసే సాఫ్ట్‌వేర్‌ను అమర్చడమే నా పని.

బెంచి దగ్గర ఉండేది రుక్మిణక్క. తాతల కాలం నుంచి రాయపురంలో ఉన్న తెలుగు కుటుంబం, ఆ బెంచి మీద ఆమెకు పదకొండేళ్ల అనుభవం. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆమె కుడిచెయ్యి పంపు వాల్వు మీదే ఉండాలి, కళ్లు చెయిన్ మీదే ఉండాలి. కంప్యూటరేమో పది అడుగుల అవతల, మేనేజరుగారి అద్దాల గదిలో.

"మౌసు పట్టుకునేదానికి ఆడికి పోవాలంటే నాకు మూడో చెయ్యి మొలవాల తమ్ముడా," అంది.

నేను ఆమె పక్కన రెండో కీబోర్డు పెట్టి, పొడుగాటి వైరుతో అదే కంప్యూటరుకు కలిపాను. ఎఫ్2 ఒకసారి నొక్కితే రికార్డింగు మొదలు, మళ్లీ నొక్కితే ఆగిపోతుంది. మేనేజరు తెర మీద ఏ పని తెరుచుకుని కూర్చున్నా ఇది పనిచేయాలి కదా, అందుకని దాన్ని గ్లోబల్ హాట్‌కీగా పెట్టాను. అంటే తెర మీద ఏ ప్రోగ్రామున్నా సరే, ఆ కీ మాత్రం మా సాఫ్ట్‌వేర్ సొత్తు. మొదలైనప్పుడూ ఆగినప్పుడూ స్పీకర్లో బీప్ వస్తుంది. అక్క ఎడమచేత్తో నొక్కి చూసి, "బాగుండాది" అంది. ఆ రోజంతా నేను కాస్త తలెత్తుకునే నడిచాను.

వారానికి మేనేజరు ఫోను చేశాడు. ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చిన మనిషి.

"ఏమండీ, మీరొచ్చెళ్లిన కాడ్నుంచీ నా ఎక్సెల్లో ఎఫ్2 పనిచేయట్లేదండీ. గడిలో అంకె దిద్దాలంటే అదే నొక్కాలి."

"కీబోర్డుకు వయసైపోయింది సార్. ఇంకా రెండుసార్లు గట్టిగా నొక్కండి, సిగ్గుపడి పనిచేస్తుంది," అన్నాను. నేను పనిచేసే కంప్యూటర్ల షాపులో అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

నెల తిరిగేసరికి మళ్లీ పిలుపు. నాలుగు చెయిన్ల సర్టిఫికెట్లను హార్బరు వాళ్లు తిప్పి పంపారు. బరువు పట్టి ఉంచాల్సిన చోట గ్రాఫు మధ్యలో తెగిపోయి ఉంది.

"ఆవిడ మధ్యలోనే బరువు దించేసి, అయిపోయిందని రాసేసిందండీ," అన్నాడు మేనేజరు. బల్ల మీద ఒక కాగితం టైపు చేసి ఉంది. పరీక్ష పూర్తి చేయకుండానే చేశానని చెప్పినందుకు మన్నించమని, తనంతట తానే పని మానేస్తున్నానని. కింద రుక్మిణక్క సంతకానికి జాగా వదిలారు. "సాయంత్రం ఓనరు గారొస్తారు. ఈలోపు సాఫ్ట్‌వేర్ బాగానే ఉందని మీరు రిపోర్టు ఇచ్చేస్తే సరిపోద్ది."

మా సర్వీస్ రిపోర్టు అడుగున లోపానికి కారణం అని నాలుగు గడులుంటాయి. యంత్రం, వైరు, సాఫ్ట్‌వేర్, ఆపరేటర్. యంత్రం అంటే కంపెనీవాడు గొడవకొస్తాడు. వైరు అంటే కొత్తది లాగాలి. సాఫ్ట్‌వేర్ అంటే మా షాపు ఓనరు నన్ను నమిలేస్తాడు. ఆపరేటర్ అంటే ఎవరూ అరవరు, ఎందుకంటే ఆపరేటర్ ఆ గదిలో ఉండదు. మా వృత్తిలో చెయ్యి దానంతటదే నాలుగో గడికి పోతుంది. నేను రెండు నిమిషాలు రికార్డింగు నడిపి చూశాను, బాగానే వచ్చింది. నాలుగో గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను.

బయటికి వస్తుంటే బెంచి దగ్గర అక్క కనిపించింది. నా చేతిలోని కాగితం చూసి, "నా మీదనే రాసినావా?" అని అడిగింది.

నేను కాగితం మడత పెట్టాను.

ఆమె ఒక నోటుపుస్తకం తీసింది. ప్రతి చెయిన్‌కూ మీటరు మీది బరువు, గడియారం చూసి రాసిన టైము ఉన్నాయి. "మేనేజరుకి ఇది చూపిస్తే, పుస్తకంలో ఎవరైనా రాసుకోవచ్చంట. సరి, విను. గ్రాఫు తెగిన నాలుగూ ఆ మేనేజరాయప్ప గదిలో కూర్చోని కంప్యూటరు కొడతా ఉన్నప్పుడు చేసినవి. ఆయప్ప టీకి పోయినప్పుడు చేసినవాట్లో ఒక్కటన్నా తెగిందా, చూడు."

"బీప్ వచ్చేది కదక్కా?"

"బీప్ రాక మూడు వారాలాయె. అడిగితే, నొక్కినావు కదా, రికార్డవుద్దిలే పో అన్నాడు."

అప్పుడు నాకు ఆ ఫోను గుర్తొచ్చింది. ఇంకా రెండుసార్లు గట్టిగా నొక్కండి.

నేను వెనక్కి వెళ్లాను. అక్కను ఒక చెయిన్ ఎక్కించి రికార్డింగు మొదలుపెట్టమన్నాను. మేనేజరు కుర్చీలో కూర్చుని, ఎక్సెల్ తెరిచి, అతని కీబోర్డు మీద ఎఫ్2 నొక్కాను. గడి కదల్లేదు. పక్కన గ్రాఫు ఆగిపోయింది.

"సార్, ఇది రోజుకెన్నిసార్లు నొక్కుతారు?"

అతను తెరవైపే చూస్తున్నాడు. "పనిచేయట్లేదని... నాలుగైదుసార్లు నొక్కుతానండీ."

"బీప్ ఏమైంది?"

"ఆ కీచుకీచు భరించలేక స్పీకరు కట్టేశానండీ. నొక్కితే ఇట్టా అవుద్దని నాకెట్టా తెలుస్తదండీ?"

"తెలియదు సార్. మీకు తెలియకపోతే అది తెలియకపోవడమే, తప్పు కాదు. ఆమె చేయని తప్పుకు మాత్రం కాగితం టైపు చేసి పెట్టారు. ఆ నోటుపుస్తకం ఒక్కసారి తెరిచారా?"

"మీరూ టిక్కు పెట్టారు కదండీ," అన్నాడు.

అతని మీద వచ్చిన కోపం సగం దారిలో వెనక్కి తిరిగి నా మీదికే వచ్చింది. ఎఫ్2ను ఎన్నుకున్నది నేను. మొదలుకూ ఆపడానికీ ఒకే కీ పెట్టింది నేను. అతను ఫోనులో జబ్బు లక్షణం సరిగ్గా చెబితే జోకు వేసింది నేను. టిక్కును కొట్టేసి, మూడో గడిలో పెట్టి, కింద రాశాను: 'సాఫ్ట్‌వేర్ అమరిక తప్పు. అమర్చింది నేనే.'

సాయంత్రం వర్క్‌షాపు ఓనరు వచ్చాడు, అది చదివాడు, నాలుగు చెయిన్లూ మళ్లీ పరీక్షించమన్నాడు. ఈసారి మొదలుకు ఒకటి, ఆపడానికి ఒకటి, మూడేసి కీలు కలిపి నొక్కేలా మార్చాను. ఎక్సెల్‌కు దాని ఎఫ్2 దానికిచ్చేశాను. బెంచి మీద చిన్న ఎర్రలైటు బిగించాను, రికార్డింగు నడుస్తున్నంతసేపూ వెలుగుతుంది. నాలుగు గ్రాఫులూ మొదటినుంచి చివరిదాకా తెగకుండా వచ్చాయి. చెయిన్లలో ఏ లోపమూ లేదు, అక్క పరీక్షలోనూ లేదు. ఆమె పని ఆమెకు నిలిచింది. కానీ ఓనరు గానీ మేనేజరు గానీ ఆమెతో పొరపాటైందమ్మా అన్న ఒక్క ముక్క అనలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది. ఆమే వెళ్లి ఆ టైపు చేసిన కాగితాన్ని అడిగి తెచ్చుకుని, దాంతో వాల్వు మీది నూనె తుడిచింది.

ఇప్పుడు నేను నాలుగో గడి జోలికి పోయే ముందు ఆపరేటర్ దగ్గరికి వెళ్లి నిలబడతాను. ఎవరైనా ఫలానా కీ పనిచేయట్లేదు అంటే నవ్వను, రాసుకుంటాను.

ఆ రోజు మాత్రం సంచీ సర్దుకుంటూ, క్షమించమనడం చేతకాక నాకు అలవాటైన దారినే పట్టాను. "ఏం చేసేదక్కా, ఎనిమిదో తరగతిలోనే చదువు ఆపేసినోణ్ణి."

అక్క వాల్వు మీద నుంచి చెయ్యి తీయలేదు. "చదువు ఆపేస్తే ఆపేసినావు. అడిగేది కూడా ఆడనే ఆపేసినావా?" అంది.