సీసం తీసిన రాయి

ప్రభుత్వం వారి దయను పైసా ఖర్చు లేకుండా, ఒక్క పూటలో పంచిపెట్టిన ఘనత నాది. రిటైరవడానికి ఆరేళ్ల ముందు, గుమాస్తా కుర్చీలోంచి ప్రమోషన్ మీద తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా టెక్కలిలో చేరిన మొదటి నెల అది.

బారువలో ఎండుచేపలమ్మే అప్పలమ్మ తక్కెడలోని రెండు కిలోల తూకపు రాయిని నేను చేతిలోకి తీసుకోగానే దాని మోసం తేలిపోయింది. కిరాణా కొట్టులో పెరిగినవాణ్ణి, నాకు తెలియని విద్యా! రాయి అడుగు గుంటలో సీసం పోసి, దానిమీద మా శాఖ ముద్ర కొడతాం. ఆమె ముద్ర చెదరకుండా పక్కనుంచి సీసం తొలిచేసింది. పనితనానికి మాత్రం వంక పెట్టలేం.

“మా ఇంటాయన్ని వారానికి రెండుపాల్లు పలాస డయాలసిస్‌కి తీసుకెళ్తన్నాను బావూ. ఈపాలికి ఒగ్గీండి,” అంది. ఊరూరా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ మాటకు ఎదురు బేరం లేదు. రాయి తిరిగి ఇచ్చేశాను.

ఆ రోజు తనిఖీకి మా అసిస్టెంట్ కంట్రోలర్ దైవసహాయం గారూ వచ్చారు. చర్చిలో ఆయన సంఘపెద్ద. జీపు దగ్గర నన్ను ఆపారు.

“ఏటి గుప్తా, దయ సూపించీసినావా? ఆ సేపలు కొన్నోళ్ల ఇళ్లల్లో డయాలసిస్ లేదేటి?”

వెనక్కి వెళ్లాం. రాయి జప్తు చేయించి, నా చేతే కేసు రాయించారు. ఇలాంటి కేసును రుసుము కట్టించుకొని ముగించే అధికారం ఆయనది. కట్టకపోతే కోర్టు. వాయిదాకు అప్పలమ్మ వెళితే, భర్తను పలాస తీసుకెళ్లే దిక్కు లేదు. సగానికి తగ్గించమని, పుట్టుబుద్ధి కొద్దీ, ఆమె తరఫున నేనే బేరమాడాను. ఆయన పైసా తగ్గించలేదు. మర్నాడు మొత్తం తన జేబులోంచి కట్టి, రసీదు ఆమె పేరున రాయించారు.

రసీదు అందుకున్నాక గానీ అప్పలమ్మ నోట, “సీసం నానే తీసినాను బావూ,” అన్న మాట రాలేదు.

“ఎలాగూ కట్టేది మీరే అయితే మాఫీ చేసేస్తే పోయేది కదా సార్?” అన్నాను.

“మాఫీ సేత్తే, మోసపోయినోళ్లకి ఏటీ జరగనట్టే గదా. ఆయమ్మకా కట్టే తాహతు నేదు. అలాగని నాను సెప్పిన తీర్పుని ఇంకోడి నెత్తి మీద ఎట్టగలనా? మా సిలువ దగ్గరా అదే గుప్తా. తీర్పు తగ్గనేదు. తీర్పరే దిగొచ్చి కట్టినాడు.”

నేను చర్చికి వెళ్లేవాణ్ణి కాను. అయినా రెండు వైపులా తక్కువ కాని తూకం అదొక్కటే చూశాను. తప్పును తేలిక చేస్తే దయ కాదనీ, దాని బరువు ఎవరో ఒకరు మోయాల్సిందేననీ అక్కడే నేర్చుకున్నాను.

ఇక బిల్లు. నా దయకు నాకైన ఖర్చు సున్నా. ఆ రాయి ఆమె దగ్గరే ఉంటే, కట్టేది చేపలు కొనేవాళ్లు. ఆయన దయకు అయిన ఖర్చు, ఆ నెల కొనుక్కోవాల్సిన కళ్లద్దాలు. ఏడాదిపాటు తక్కెడ ముల్లును ముక్కు ఆనించి చూశారు.