దొర కెమెరా, డబ్బా కెమెరా

అన్న దశదినకర్మ రోజున మా గల్లీ మొదట్లో కట్టిన ఫ్లెక్సీలో అన్నకంటే కెమెరా పెద్దగా ఉంది. టేకుతో చేసిన పాతకాలపు పెట్టె, ముందుకు పొడుచుకొచ్చిన ఇత్తడి లెన్సు, దాని వెనక సగం ముఖంతో అన్న. మిగతా సగాన్ని ఇత్తడి కప్పేసింది. పైన పెద్ద అక్షరాలతో ‘అరుదైన కెమెరా, అరుదైన కళాకారుడు’ అని రాశారు. కింద ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్ల ఫోటోలు వరుసగా ఉన్నాయి. వాళ్ల ముఖాలు మాత్రం పూర్తిగా కనిపిస్తున్నాయి.

ఆ కెమెరాతో మా అన్న పనికొచ్చే ఫోటో ఒక్కటి కూడా తీయలేదు. ఈ సంగతి సంఘం వాళ్లకు తెలుసు. తెలిసే రాశారు. నా కోపం అక్కడ మొదలైంది. ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు. తగ్గించుకోవాలని నాకు లేదు.

అన్న పెళ్లి చేసుకోలేదు. నిజామాబాద్‌లో మా ఇంటికి కింద స్టూడియో, పైన అన్నాచెల్లెళ్లం మేమిద్దరం. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. అన్న పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పెళ్లిళ్లు తీసి బతికాడు. ఆదివారాలు మాత్రం తనకోసం ఉంచుకున్నాడు. పొద్దున్నే బోధన్ బస్సెక్కేవాడు. మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లను వాళ్ల ఇళ్ల ముందే కుర్చీలో కూర్చోబెట్టి, అరచేయంత ఫిల్ము మీద ఒక్కొక్కరినీ తీసేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక నన్నూ తీసుకెళ్లేవాడు. చీకట్లో ఫిల్ము ఎక్కించడం, నల్లగుడ్డ కింద దూరి కెమెరా వెనక గాజుపలక మీద బొమ్మ స్పష్టమయ్యేదాకా లెన్సును జరపడం, ఇంటికొచ్చి ఫిల్ము కడగడం, అన్నీ అట్లా నేర్చుకున్నాను. పోయిన వానాకాలంలో అన్న గుండె ఆగిపోయింది.

ఇంట్లో రెండు పెద్ద కెమెరాలు మిగిలాయి.

ఒకటి ఫ్లెక్సీ మీదది. సికింద్రాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో దొరికింది. నిజాంసాగర్ కట్టేటప్పుడు ఒక ఇంగ్లీషు ఇంజనీరు తెచ్చాడని అమ్మినతను చెప్పాడట. “ప్రతి పాత సామాను ఎనక ఒక ఇంగ్లీషు ఇంజనీరుంటడు” అని అన్న నవ్వేవాడు. అలాంటివి ప్రపంచంలో కొన్నే మిగిలాయని తెలిసినవాళ్లు అనేవారు. నిజమే కావచ్చు. చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ముట్టుకుని, పక్కన నిలబడి సెల్ఫీ దిగి వెళ్లేవాళ్లు. అన్న దానికి దొర అని పేరు పెట్టాడు.

“ఒక్క పని జెయ్యడు, అందరు వచ్చి దండం పెడ్తరు. దొర గాకుంటే ఏంది?”

రెండోది ఒక ప్రింటింగ్ ప్రెస్సు మూతపడినప్పుడు తెచ్చుకున్నది. బూడిదరంగు ఇనుప కెమెరా. లెక్కలేనన్ని తయారైన రకం కాబట్టి ఒక భాగం విరిగితే ఇంకొకటి దొరికేది. లెన్సుకూ గాజుపలకకూ మధ్య మడతల సంచి ఒకటి ఉంటుంది. అది చిరిగినప్పుడు గొడుగులు బాగుచేసే అతని దగ్గర నల్లగుడ్డ తెచ్చి అన్న తానే అతికించాడు. దాని పేరు డబ్బా. బోధన్‌లో తీసిన ముఖాలన్నీ డబ్బా తీసినవే.

కారణం ఫిల్ము. డబ్బాకు సరిపోయే ఫిల్ము ఇప్పటికీ తయారవుతోంది, తెప్పించుకోవచ్చు. దొర కొలతకు ఎవరూ తయారు చేయరు. ఆస్పత్రుల్లో వాడే ఎక్స్‌రే ఫిల్ము తెచ్చి కత్తిరించి పెట్టాలి. ఎక్స్‌రే ఫిల్ముకు ఎరుపు తెలియదు. ఎరుపు ఉన్నచోట నలుపు చూపిస్తుంది. కుంకుమ బొట్టు తారుచుక్క అవుతుంది. మన ఒంటిరంగులోనూ ఎరుపు ఉంటుంది కనుక ముఖమంతా మసి పూసినట్టు వస్తుంది. అన్న ఒకే ఒక్కసారి దొరను బోధన్ తీసుకెళ్లాడు. ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర పనిచేసిన ఒకాయనను తీశాడు. ఆయన ఫోటో చూసుకుని, “నేను బాయిలర్ కాడ పనిజేసిన సారూ, బాయిలర్ లోపల గాదు” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అన్న నవ్వలేదు. ఆ ఫోటో అక్కడే చించేసి, తర్వాతి ఆదివారం డబ్బాతో వెళ్లి మళ్లీ తీశాడు. అప్పటినుంచి దొర అల్మారా దిగలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి పెద్ద కెమెరా ఏదైనా, గాజుపలక మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. వాళ్లుండే ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఒకతను చూస్తానని అడిగి, నల్లగుడ్డ కింద దూరి చూసి, “మా అత్త తలకిందులున్నదిరో” అని అరిచాడు. ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. ఆడవాళ్లకు అనుమానం పట్టుకుంది. మనిషి తలకిందులైతే చీర ఏమవుతుంది? ఇక అన్న గుడ్డ కిందికి పోవడం ఆలస్యం, కుర్చీలో ఉన్న ఆడమనిషి రెండు చేతులతో చీరను మోకాళ్ల దగ్గర గుప్పిట్లో బిగించి పట్టుకునేది. అన్న ఎంత చెప్పినా వినేవాళ్లు కాదు.

“నీకేం ఎర్క కొడుకా, నువ్వు ప్యాంటు ఏసుకుంటివి.”

కొన్నాళ్లకు చెప్పడం మానేశాడు. అందుకే ఆ ఫోటోల్లో ఆడవాళ్లందరి చేతులూ బిగుసుకుని ఉంటాయి. ఒకసారి హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి వాటిని చూసి, ఆ పిడికిళ్లలో శ్రామిక స్త్రీ ధిక్కారం ఉందన్నాడు. అన్న నావైపు చూశాడు. ఆయన వెళ్లిపోయాక ఇద్దరం కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వుకున్నాం. సంతాపసభలో సంఘం అధ్యక్షుడు ఆ ముక్కే మళ్లీ చెప్పాడు, మధ్యమధ్య కళ్లు తుడుచుకుంటూ. నవ్వడానికి పక్కన అన్న లేడు.

క్వార్టర్లలో అందరూ ఫోటో దిగినా ఒక అవ్వ మాత్రం దిగలేదు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు పిప్పి ఎత్తే పని ఆమెది. తలకిందులు కావడం తనవల్ల కాదని తేల్చి చెప్పేసింది. అన్న పోవడానికి కొన్ని వారాల ముందు ఆమె పక్కింటి స్నేహితురాలు చనిపోయింది. ఇంట్లో వేరే ఫోటో లేక ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి గోడకు పెట్టారు. అవ్వ అది చూసి వచ్చి అన్నను పట్టుకుంది.

“గది నా దోస్తు గాదు కొడుకా. పోలీసోళ్లు పట్టుకచ్చిన దొంగ లెక్క ఉన్నది. నాది మంచిగ ఒక్కటి తియ్యి. నేను పోయినంక గోడమీద నేనే ఉండాలె.”

వచ్చే ఆదివారం తీస్తానని అన్న మాటిచ్చాడు. ఆ ఆదివారం అన్నకు రాలేదు. అవ్వకు దమ్ము, ఆయాసం ఎక్కువైంది, నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. అన్న ఫ్రిజ్‌లో దాచుకున్న డబ్బా ఫిల్ము కొంచెం మిగిలి ఉంది. ఆ ఫోటో నేనే తీయాలనుకున్నాను.

ఆ మాట అధ్యక్షుడికి చెప్పడం నా పొరపాటు. అన్న ఫోటోలతో సంఘం పెట్టబోయే ప్రదర్శనకోసం మెరుగు పెట్టిస్తామని ఆయన అప్పటికే దొరను తీసుకెళ్లి ఉన్నాడు. ఇంటికొచ్చి కూర్చున్నాడు.

“చెల్లే, గా అవ్వను దొరతోని తీద్దాం. ఎగ్జిబిషన్‌ల ఒక దిక్కు కెమెరా, ఇంకో దిక్కు దాంతోని తీసిన ఫోటో. జనం పిచ్చోళ్లయితరు.”

“దాంట్ల ముఖం నల్లగస్తదన్నా. మీకు ఎర్కనే గద.”

“గదే గద ఆర్టంటే!”

“అవ్వ ఆర్టు అడగలే. ముఖం అడిగింది.”

“డబ్బాలు గల్లీకొకటి దొరుకుతయి చెల్లే. దొర ఒక్కడే. మీ అన్న పేరు నిలబడాల్నా వద్దా?”

ఆ వయసువాళ్లను ఎవరినైనా నేను అన్న అనే పిలుస్తాను. ఆ పూట తర్వాత ఆయనను అట్లా పిలవలేదు.

ఆదివారం డబ్బాను సంచిలో సర్దుకుని, స్టాండు భుజాన వేసుకుని బోధన్ బస్సెక్కాను. నేను క్వార్టర్లకు చేరేసరికి సంఘం కారు అక్కడ నిలబడి ఉంది. అవ్వ ఇంటి ముందు స్టాండు మీద దొర తళతళలాడుతున్నాడు. లోపల ఎక్స్‌రే ఫిల్ము కూడా సిద్ధం. అవ్వ ఎర్రచీర కట్టుకుంది, పెట్టెలో దాచుకున్నది, మడతలు కూడా పోలేదు. తలకు నూనె పెట్టి దువ్వుకుంది. సంఘం మనిషి ఒకడు ఆమె ముందు గొంతుక్కూర్చుని బతిమాలుతున్నాడు.

“అవ్వా, గీ కొత్త చీర వద్దు. పనికిపోయినప్పుడు కట్టుకున్న పాతది లేదా? చినిగినా మంచిదే. ఆఁ, చేతులు గిట్ల పిడికిలి పట్టు. కోపంగ సూడు.”

అవ్వ నన్ను చూసింది.

“ఏంది బిడ్డా, మంచి చీర ఇడువుమంటున్నరు! బతికినన్ని దినాలు గా చినిగిన చీరల్నే పిప్పి ఎత్తితి. సచ్చి గోడెక్కినంక గూడ గదే కట్టుకోవాల్నా?”

నేను తరగతిలో కూడా గొంతు పెంచను. ఆ రోజు ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు, పక్క క్వార్టర్లలోంచి జనం బయటికొచ్చారు. దొరను స్టాండు మీంచి దించమన్నాను. అధ్యక్షుడు నాతో మాట్లాడటం మాని అవ్వవైపు తిరిగాడు.

“అవ్వా, ఇది నిజాం జమానా కెమెరా. ఇసొంటిది ఇంకోటి లేదు. నీ అదృష్టం అనుకో.”

“నిజాం జమానాల మా తాతలకు ఏం దొరికిందని ఇప్పుడు నాకు దొరుకుతది?” అని, నన్నడిగింది: “మీ అన్న దేంతోని తీస్తుండె బిడ్డా?”

“డబ్బాతోని.”

“మరి గదే పెట్టు.”

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. వారసత్వం అన్నాడు, కుటుంబం సహకరించాలి అన్నాడు. వినే ఓపిక నాకు లేకపోయింది.

“దొరను తీసుకపోండ్రి. ఎగ్జిబిషన్‌కు గాదు, మొత్తానికే తీసుకపోండ్రి. మళ్ల నా గడపకు తేకుండ్రి.”

“నిజంగనా చెల్లే?”

ఆ రెండు మాటలు అడుగుతున్నప్పుడు ఆయన ముఖంలో ఎంత సంతోషమో. అన్న పాడె మోసిన మనిషి. అన్నతో కలిసి ఎన్నో ఏళ్లు చాయ్ తాగిన మనిషి. దొరను విప్పి, దుప్పటిలో చుట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు కారు వెనక సీట్లో పెట్టుకున్నారు. నేను మనసు మార్చుకుంటానేమోనని తొందరగా పోయారు. అవ్వ ఫోటో ఎట్లా వస్తుందో చూద్దామని ఒక్కడూ ఆగలేదు.

డబ్బాను బిగించి నల్లగుడ్డ కిందికి వెళ్లాను. గాజుపలక మీద అవ్వ తలకిందులుగా, ఎర్రచీరతో, పైన కుర్చీ కాళ్లతో కనిపించింది. చేతులు మోకాళ్ల దగ్గర చీరను బిగించి పట్టుకుని ఉన్నాయి. నేను బొమ్మను సరిచేస్తుంటే బయటనుంచి ఆమె గొంతు వినపడింది.

“తలకిందులే కనవడుతున్ననా?”

“అవునవ్వా.”

అవ్వ నవ్వింది.

“పోనీ తియ్. నువ్వు ఆడిదానివేనాయె. సూస్తే సూడు.”

గాజుపలక మీద ఆమె వేళ్లు విడిపోయాయి. రెండు చేతులూ ఒడిలో వెల్లకిలా పడ్డాయి. పిప్పి ఎత్తిన చేతులు అట్లా ఖాళీగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు. బయటికొచ్చి ఫిల్ము పెట్టి, కెమెరా పక్కన నిలబడి తీశాను. దమ్ము వల్ల ఆమె భుజాలు కదులుతున్నాయి. ఊపిరి వదిలి మళ్లీ పీల్చేలోపు నొక్కాను.

ఫోటో బాగా వచ్చింది. అన్న తీసి ఉంటే ఇంకా బాగా వచ్చేది. ఫ్రేము కట్టించి తీసుకెళ్తే అవ్వ కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది. కూతురితో టీవీ పైన మేకు కొట్టించింది. “ఇప్పుడే దండ గిండ ఎయ్యకుండ్రి” అని అక్కడున్న అందరికీ చెప్పింది.

ప్రదర్శన రోజు దగ్గరపడ్డాక అధ్యక్షుడు ఫోన్ చేశాడు. దొరను అద్దాల పెట్టెలో పెట్టామని, చాలా బాగుందని చెప్పాడు. అవ్వ ఫోటో పంపమన్నాడు. పంపాను. సాయంత్రం మళ్లీ ఫోన్.

“ఫోటో మంచిగున్నది చెల్లే. గని గోడమీద మిగిలిన ఆడోళ్లతోని కలుస్తలేదు. వాళ్లందరికి పిడికిళ్లున్నయి, ధిక్కారం ఉన్నది. ఈమె చేతులు ఊకె పడున్నయి. దీన్ని పక్కకు పెడ్తున్నం.”

అప్పుడు చెప్పాను, వాళ్ల పిడికిళ్లు ఎందుకు బిగుసుకున్నాయో. నల్లగుడ్డ కింద దూరినతని సంగతి, చీర సంగతి, అన్నీ నెమ్మదిగా చెప్పాను. అవతల ఆయన గొంతు తగ్గించాడు.

“గీ ముచ్చట బయట ఎవ్వలకు చెప్పకు చెల్లే. మీ అన్న ఇజ్జత్ పోతది.”

అన్న ఆ ముచ్చట చెప్పుకుని నవ్వని ఆదివారం లేదు. అందుకే బయట చెబుతున్నాను.