రుబ్బురోలు కదిలిన రోజు

నా చిన్నప్పుడు వయొలిన్ మీద నాకు తాళం తప్పదని ఒంటినిండా పొగరు. అలాంటిదాన్ని పట్టుకుని ఒకరోజు మా టీచరుగారు, "అన్నీ నేను నేర్పినవే వాయిస్తావు. ఆదివారానికి సొంతంగా ఒకటి కట్టుకురా. బాగుంటే వార్షికోత్సవంలో ఒక్కదానివే వాయిద్దువుగాని, లేకపోతే గుంపులో కూర్చో" అన్నారు. గుంపులో కూర్చోవడం కన్నా జ్వరం రావడం మేలనిపించింది.

నాలుగు రోజులు తంటాలు పడ్డాను. ఏది కట్టినా టీచరుగారి పాఠంలాగే వచ్చేది. శనివారం పొద్దున్న వయొలిన్ పెట్లో పడేసి పెరట్లో కూర్చుని ఏడ్చాను.

మా తాతయ్య హార్బరులో కళాసీల మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. క్రేను అందని చోట బరువులకు తాళ్ళు కట్టి లాగే మనుషులు అందరూ ఒక్కసారే లాగేలా పిలుపు ఇవ్వడం ఆయన పని. ఆ రోజు మా రుబ్బురోలును వంటింటి వెనక్కి జరపాలి. నాన్న, చిన్నాన్న, పక్కింటి మావయ్య తాడు పట్టుకున్నారు.

"ఏటే గుంటా, ఏడుత్తన్నావా? రా, ఇయ్యాల పిలుపు నువ్వియ్యి" అన్నాడు తాతయ్య.

నాకు తెలిసిన విద్యే కదా అని తొడ మీద ఆదితాళం వేస్తూ, తాళం తిరిగినప్పుడల్లా "హై" అని అరిచాను. రోలు అంగుళం కూడా కదల్లేదు. మూడోసారికి చిన్నాన్న కాలుజారి కూలబడితే అందరూ నవ్వారు.

"నాను లెక్క తప్పనేదు తాతా!" అన్నాను ఉక్రోషంగా.

"లెక్కెట్టుకుని బరువు లాగుతారేటే? ఆళ్ళ మొకాలు సూడు. ఎవుడికి ఊపిరి అందనేదో ఆడి కోసం ఆగు."

చూశాను. పక్కింటి మావయ్యది భారీ శరీరం. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పాపం, అప్పటిదాకా ఆయన వైపు చూడనే లేదు. ఆ భుజాలు దిగేదాకా ఆగి పిలిచాను. రోలు గరగరమంటూ కదిలింది. తరవాతి పిలుపుకి ఆయన ఇంకా అలిసిపోయాడు, నేను ఇంకాస్త ఆగాను.

మధ్యాహ్నం వయొలిన్ తీసి ఆ పిలుపులే వాయించాను. మధ్యలో ఆగిన చోట్లు కూడా అలాగే, ఒక్కోటి ముందుదాని కన్నా ఎక్కువసేపు.

ఆదివారం టీచరుగారు తాళం వేస్తూ విన్నారు. రెండోసారి నేను ఆగిన చోట ఆవిడ చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "మళ్ళీ వాయించు. ఈసారి తాళం వెయ్యను" అన్నారు. వార్షికోత్సవంలో ఒక్కదాన్నే వాయించాను. మావయ్య ముందు వరసలో కూర్చున్నాడు.

ఇప్పుడు అరవై దాటాయి. కొత్త సంగీతం రాయడమే నా పని. మద్దిలపాలెంలో రిహార్సలుకు వచ్చే పిల్లలు నా కాగితాలు చూసి, "ఇక్కడ తాళంలో ఎన్ని అక్షరాల సేపు ఆగాలి మేడం?" అని అడుగుతారు. నేను అంకె వెయ్యను. మీలో ఎక్కువ అలిసిందెవరో చూసుకోండి, అంటాను.

మొన్న వాళ్ళతో కూర్చుని నేనూ వాయించాను. ఆ చోటు రాగానే పిల్లలందరూ నా భుజాల వైపు చూసి ఆగారు. అంత ముసలిదాన్నయ్యానా అని ముందు ఉక్రోషం వచ్చింది. తరవాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తీరిగ్గా ఊపిరి తీసుకున్నాను.