మా ఇంట్లో స్పీకర్లు పంచుకున్న కథ

నేను ఆరో తరగతిలో ఉండగా మా పెనుకొండ ఇంట్లో పంపకాలు జరిగాయి... పొలమూ కాదు, బంగారమూ కాదు. స్పీకర్లు!

నాయన, చిన్నాయన కలిసి పరుపుల అంగడి నడిపేవాళ్లు. ముందు అంగడి, వెనక ఇల్లు. శుక్రవారం అంగడికి సెలవు. నమాజు అయి వచ్చాక నడింట్లో టీవీ ముందు అందరం చేరేవాళ్లం, డీవీడీలో సినిమా పెట్టుకుని... ఒక్క అమ్మ తప్ప. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అమ్మ ఏ సినిమానూ పూర్తిగా చూసింది లేదు. పాట మొదలయ్యే సరికి అన్నం పొంగేది, హీరో నోరు తెరిచే సరికి ఎవరో ఒకరం "అమ్మా, నీళ్లు" అనేవాళ్లం.

"చూసేది ఎట్లా లేదు... వంటింట్లోకి మాటలన్నా వినపడేట్టు ఏదన్నా తెచ్చియ్యండి" అని నాయన్ను ఏడాదిగా అడిగి అడిగి సాధించింది.

అన్నదమ్ములిద్దరూ హిందూపురం పోయారు. మా నాయనకు వస్తువు మంచిదో కాదో తెలుసుకునే విద్య ఒక్కటే వచ్చు... నొక్కి చూడటం. స్పీకరు ముందున్న గుడ్డను బొటనవేలితో గట్టిగా నొక్కాడట. అంగడాయన లబోదిబోమన్నాడు. "ఏమప్పా, అది పరుపనుకుంటివా!"

ఇక నొక్కనివ్వరని తెలిశాక ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూసి, అన్నిటికంటే బరువున్న సెట్టు ఎంచుకున్నాడు. ఐదు స్పీకర్లు, ఒక పెద్ద డబ్బా. "ఐదూ ఒగే రూములో పెట్టుకోవల్ల. ముందర మూడు, వెనకాల రెండు" అని అంగడాయన మరీ మరీ చెప్పాడు.

నాయన బస్సులోనే తేల్చేశాడు. "ఐదూ ఒగే రూములో పెడితే చెవులు పగిలిపోవా? వాళ్లు అట్లే చెప్తారు."

ఇంటికి రాగానే అవ్వ లెక్క చూసింది. పెద్దవాళ్లు ఐదుమంది, స్పీకర్లు ఐదు. ఇంకేం... తలా ఒకటి! మా పిల్లల్ని మనుషుల్లో జమ చేయలేదు.

అడ్డంగా, పొడుగ్గా ఉన్నది పెద్దరికం కొద్దీ అవ్వకు. అది టీవీ కిందే ఉండిపోయింది. ఎడమదీ కుడిదీ అన్నదమ్ములకు... నాయనది అంగడిలో, చిన్నాయనది ఆయన గదిలో. 'వెనక' అని రాసి ఉన్న రెండూ కోడళ్లకు. చిన్నమ్మది పెరట్లో బట్టలుతికే బండ దగ్గర, అమ్మది వంటింట్లో పోపుల డబ్బా పక్కన. ఇల్లంతా వైర్లు... రెండో రోజుకే చిన్నమ్మ వాటి మీద బట్టలు ఆరేసింది.

పెద్ద డబ్బా మాత్రం ఎవరి వాటాకూ రాలేదు. దాన్ని అంగడిలో, వచ్చినవాళ్లకు చూపించే పరుపు కింద తోశారు. బుక్కపట్నం నుంచి పరుపు కొనడానికి వచ్చినాయన ఆ పరుపు మీద అలా కూర్చున్నాడో లేదో ఇంట్లో టీవీలో పాట మొదలై, కింద డబ్బా దడదడలాడింది... గభాలున లేచి, "ఏమప్పా, దీంట్లో ఎవురన్నా ఉండారా?" అన్నాడు!

శుక్రవారం వచ్చింది. అమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, స్పీకరు తుడిచి, ఎదురు చూస్తూ ఉంది. సినిమా మొదలైంది. అమ్మ స్పీకర్లో వాన పడింది. కాకులు అరిచాయి. తలుపు కిర్రుమంది. ఎవరో నడిచారు... అంతే. మూడు గంటల సినిమాలో ఒక్క మనిషి కూడా అమ్మతో మాట్లాడలేదు.

"దీంట్లో మనుషులు లేరు" అంది అమ్మ వచ్చి.

"మాకు బాగానే వినపడతాండాది కదా" అన్నాడు నాయన. వినపడదా మరి, కూర్చున్నది మాటలన్నీ వచ్చే అవ్వ స్పీకరు ముందే!

పాపం, చిన్నమ్మ తనది ఇచ్చి అమ్మది తీసుకుంది. ఇద్దరికీ అదే వాన, అవే కాకులు. అమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చి, "ఏమన్నాడత్తా వాడు?" అని అడిగేది. "ఏముందిలే, అబద్ధం చెప్పినాడు" అని అవ్వ ఒక్క ముక్కలో తేల్చేసేది.

మూడో శుక్రవారం నాయనవాళ్లు నమాజు నుంచి వచ్చినా వంటింట్లో పొయ్యి వెలగలేదు. అమ్మ తన స్పీకర్ను వైరుతో సహా పీక్కొచ్చి, నడింట్లో పెట్టుకుని చాప మీద కూర్చుంది.

"ఎప్పుడూ మిగిలింది, పనికిరానిది నాకే. ఈ పొద్దు అన్నం లేదు. ఇది మాట్లాడేదాకా నేను లేయను" అంది. నాకైతే భయమేసింది... అమ్మ అలా మాట్లాడటం అంతవరకూ నేను వినలేదు.

చిన్నమ్మ పోయి తన స్పీకరు తెచ్చి అమ్మ పక్కన కూర్చుంది. చిన్నాయన మొహం చిన్నబోయింది. "నాది తీసుకో వదినా" అని ఆయనది తెచ్చాడు. ఆఖరికి నాయన కూడా అంగడిలోది మోసుకొచ్చాడు. అంగడాయన చెప్పినట్టే ముందర మూడు, వెనకాల రెండు పెట్టి, అవన్నీ ఒకచోట చేరాక సినిమా వేశారు.

వెనక వాన... ముందు మనుషులు. కాకి అటు నుంచి ఇటు ఎగిరిపోయింది. తలుపు కిర్రుమంటే అవ్వ వెనక్కి తిరిగి, "ఎవురదీ?" అని గదమాయించింది.

అమ్మ నోరు తెరుచుకుని నలువైపులా చూసింది. "ఓయమ్మో... ఇవన్నీ ఒగే సినిమాలోటివేనా!"

ఆ రోజు ఎవరమూ నీళ్లు అడగలేదు. చిన్నాయన బొరుగులు కలిపి తెచ్చి అందరి చేతుల్లో పెట్టాడు. మామూలు కామెడీ సినిమా అది. నవ్వుతూ నవ్వుతూనే అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు అమ్మ దగ్గరా ఫోనుంది, చెవుల్లో పెట్టుకునేవీ ఉన్నాయి. మొన్న అందరం హాల్లోనే ఉన్నాం, ఎవరి చెవుల్లో వాళ్ల లోకం. అమ్మ ఒక్కతే పకపకా నవ్వింది.

"ఏమన్నాడమ్మా?" అని అడిగాను.

అమ్మ ఒక చెవిలోది తీసి నా చెవిలో పెట్టింది. "ఉండు, మొదట్నించీ పెడ్తా" అంది.

మీ అమ్మ మధ్యలో లేవకుండా చూసిన మొదటి సినిమా ఏదో... మీకెవరికైనా గుర్తుందా?