పరీక్షకి పంపవద్దన్న పేర్లు

ఆ ఏడాది మా ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతి ఫలితాలు మండలంలోనే అడుగున ఉన్నాయి. మరుసటి ఏడు పరీక్షలకి పేర్లు పంపే ముందు హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచారు. నేను లెక్కల టీచర్ని, పైగా పదో తరగతికి క్లాస్ టీచర్ని.

"ఎలాగూ తప్పేవాళ్లని ఓపెన్ స్కూల్లో పరీక్ష రాయించమని ఇళ్లకెళ్లి నచ్చచెప్పండి మేడమ్. మన పర్సంటేజీ కాస్త నిలబడుతుంది," అన్నారు. ఆయనకి అప్పటికే పైనుంచి రెండు మెమోలు వచ్చాయి. నేను సరేనన్నాను.

నలుగురి పేర్లు రాసుకున్నాను. ముగ్గురి ఇళ్లల్లో పెద్దగా మాట్లాడకుండానే ఒప్పుకున్నారు. నాలుగో అమ్మాయిది జాలరిపేట. తల్లి చేపలమ్మడానికి వెళ్తే మంచాన పడ్డ నాయనమ్మని తనే చూసుకునేది. బడికి వారంలో మూడు రోజులు వస్తే ఎక్కువ. లెక్కల్లో నూటికి పదకొండు తెచ్చుకుంది.

నేను వెళ్లేసరికి తల్లి రోడ్డు వారన వంజరం ముక్కలు కోస్తోంది. విషయమంతా మెల్లగా చెప్పాను. ఆమె కత్తిపీట మీంచి చెయ్యి తీయకుండానే వింది.

"మా పిల్ల తప్పుతాదని మీకెవులు సెప్పారు మేడమ్?"

"మార్కులు చూస్తే తెలుస్తోందమ్మా."

"తప్పితే తప్పుతాది. మళ్లీ రాత్తాది. రాయకుండానే తప్పించేత్తారేటి?"

మర్నాడు ఆ పేరు కూడా పరీక్షకి పంపేశాను. హెడ్మాస్టరు జాబితా చూసి సంతకం పెట్టారు.

ఆ తర్వాత నాయనమ్మని పక్కింటివాళ్లకి అప్పగించి అమ్మాయి రోజూ గంట ముందే బడికి వచ్చేది. "అర్థం కానేదు మేడమ్, నాను మళ్లీ సేత్తాను," అని ఒకే లెక్క నాలుగుసార్లు చేసేది.

ఫలితాలొచ్చాయి. లెక్కల్లో నలభై ఒకటితో గట్టెక్కింది, సైన్సు పోయింది. నా సబ్జెక్టు కాదు కదా అని ముందు ఊరటపడ్డాను. దానికి సిగ్గుపడటానికి చాలా రోజులు పట్టింది. బడి పర్సంటేజీ మాత్రం పెరిగింది. హెడ్మాస్టరు స్టాఫందరికీ టీ తెప్పించారు, నేనూ తాగాను. ఓపెన్ స్కూలుకి పంపిన ముగ్గురిలో ఇద్దరు అసలు పరీక్షకే కూర్చోలేదని ఆ టీ దగ్గరే విన్నాను.

సప్లిమెంటరీలో ఆ అమ్మాయి సైన్సు పాసయింది. మార్కుల మెమోకి తల్లీకూతుళ్లు కలిసి వచ్చారు. తల్లి తడి చెయ్యి చీరకి తుడుచుకుని, ఆ కాగితాన్ని రెండు వైపులా చూసి, మడత పడకుండా కూతురి చేతికిచ్చింది. ఇప్పుడా అమ్మాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతోంది.