కాగితం కోసం తీయించిన ముక్క

మా ఆయనకు మింగుడు పడడం లేదని చపాతీల దగ్గర కనిపెట్టాను. సగంలో ఆపేసి, గుండెల మీద చెయ్యి రాసుకుంటూ, "నీ చపాతీ ఇక్కడ ధర్నాకి కూర్చుందే," అనేవారు. నేనూ నవ్వేదాన్ని. ఎండలు ముదిరేసరికి మజ్జిగలో పల్చగా కలిపితే గాని అన్నం కూడా దిగలేదు. అప్పుడిక నవ్వు రాలేదు.

డిస్పెన్సరీలో చీటీ రాయించుకుని పెద్దాసుపత్రికి వెళ్లాం. సున్నపు నీళ్లలాంటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. అన్నవాహికలో ఒకచోట నున్నగా, గుండ్రంగా నొక్కు కనిపించింది. గొంతులోంచి గొట్టం వేసి చూశారు. ఆ గొట్టం చివర అల్ట్రాసౌండ్ పెట్టి మరోసారి చూశారు.

ఆయన బయట బెంచీ మీద ఉండగా డాక్టరమ్మ నాకు హిందీలో నెమ్మదిగా చెప్పింది. "టెన్షన్ పడకండి ఆంటీజీ. ఇలాంటి మామూలు గడ్డలు కొన్ని లోపలి పొర నుంచి తొడిమలా వేలాడతాయి. కొన్ని నీటితిత్తులు. అంకుల్‌ది గోడ కండలో పెరిగింది. పైనున్న పొర శుభ్రంగా ఉంది. క్యాన్సర్‌లా లేదు. చిన్నదై, బాధ లేకపోతే అప్పుడప్పుడు చూసుకుంటూ ఊరుకునేవాళ్లం. మింగనివ్వడం లేదు కాబట్టి తీసేద్దాం."

"మరి ముక్క తీసి పరీక్ష చెయ్యరా?"

"వద్దు. గాయం మానేటప్పుడు పొర గడ్డకి అతుక్కుంటే ఆపరేషన్ కష్టం."

ఠీక్ హై అన్నాను గాని మనసొప్పలేదు. ముప్పై ఏళ్లు ఈ ఉత్తరాది సర్కారీ క్వార్టర్లలో బతికినదాన్ని. మాకు కుళాయి కారినా అర్జీ, ఆ అర్జీకో నంబరు. కాగితం మీద లేని మాట మాకు మాట కాదు. క్యాన్సర్‌లా లేదన్న మాట కింద సంతకం ఏదీ? పక్కింటి దీదీ కూడా, "బయాప్సీ రిపోర్టు లేకుండా ఛాతీ కోయిస్తావా?" అంది. ఆయన్ని వేరే క్లినిక్‌కి లాక్కుపోయాను. పాత కాగితాలు అక్కడ చూపించలేదు. చూపిస్తే వాళ్లూ వద్దంటారని నా భయం.

ముక్క తీశారు. రిపోర్టు వచ్చింది. పైపొర మామూలుగా ఉందట, అంతే. గడ్డ దాకా ముక్క తీసే పట్టకారు వెళ్లనే లేదు.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసే డాక్టరు ఆ కాగితం చూసి కళ్లజోడు తీశాడు. "ఇది ఎవరు చేయించారు?"

ఆయన అప్పుడు బయట బరువు తూయించుకుంటున్నారు. "నేనే," అన్నాను.

"ఆ చోట పొర గడ్డకి అతుక్కుని, ఆపరేషన్‌లో చిరగొచ్చు. గాయం మానేదాకా కొన్ని వారాలు ఆగుదాం."

ఆ వారాలన్నీ జావతోనే గడిపారు. చొక్కా కాలరు మెడకి వదులైపోయింది. ఎందుకాగామో ఆయనకి చెప్పలేకపోయాను.

పక్కటెముకల మధ్య చిన్న చిన్న రంధ్రాలు చేసి, పనసతొన చీల్చి గింజ తీసినట్టు గడ్డని తీశారు. పొర చిరిగింది, సరిగ్గా ముక్క తీసిన చోటే. కుట్టేశారు. గడ్డని పరీక్షకి పంపితే మామూలు కండగడ్డే అని సంతకంతో కాగితం వచ్చింది. దాన్ని చేతిలో పట్టుకుని ఏం చేయాలో తెలీలేదు. కుట్టు కారితే ఛాతీ అంతా చీము పడుతుందన్నారు. నోట్లో చుక్క నీరు పోయకూడదు.

తడి దూది పెదాలకి అద్దుతుంటే నేనిక ఆగలేకపోయాను. "ఏవండీ, ఈ చిరుగు నా వల్లే. ముక్క తీయించొద్దని డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది."

దూది పట్టుకున్న నా చేతిని పక్కకి జరిపారు. తర్వాత సన్నగా, "తీయొద్దందని నాకూ చెప్పుంటే బాగుండేదే," అన్నారు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

వారం తర్వాత రంగుమందు మింగించి ఎక్స్‌రేలో చూశారు. "ఎక్కడా కారలేదు ఆంటీజీ, నీళ్లు పట్టండి," అంది డాక్టరమ్మ.

ఆ పూట ఆరు చెంచాలు పట్టాను. "చాల్లే, అలా చూడకు," అన్నారు ఆయన. ప్రతి చెంచాకీ నేను ఆయన ఛాతీకేసే చూస్తున్నానట.